ముద్దయీ, ముద్దాయి

మా మేనత్త టైపింగ్ షాపు కోర్టు గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల పక్కన ఉంది. పాలకొల్లుకీ భీమవరానికీ మధ్యనున్న చిన్న ఊరు మాది. డిగ్రీ అయిపోయాక ఉద్యోగం వచ్చేదాకా అని ఆ షాపులో కూర్చోవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆ పని నాకు నచ్చడానికి కారణం ఒకటే: టైపు చేసేవాళ్లు మాట్లాడక్కర్లేదు. ఎదుటివాళ్లు చెబుతుంటారు, మనం కొడుతుంటాం, ప్రింటు తీసి ఇస్తాం. రోజంతా జనం మధ్య ఉండి కూడా పట్టుమని పది మాటలు మాట్లాడకుండా గడిపేయొచ్చు.

అత్తకి ఈ సంగతి తెలుసు. "దీనికి కోపమొచ్చినా డైరీలో రాసుకుంటది, ఆకలేసినా డైరీలో రాసుకుంటదండి. అన్నం పెట్టమని మనం ఆ డైరీ చదివి తెలుసుకోవాలి" అని వచ్చిన ప్రతి వకీలు గుమాస్తాకీ చెప్పేది. వాళ్లు నవ్వేవారు. నేను తల వంచుకుని కీబోర్డు చూసేదాన్ని.

డైరీ సంగతి నిజమే. దాని వెనక పేజీల్లో మాటలు రాసుకునే అలవాటు కూడా ఉంది. కోర్టు కాగితాలు కొట్టీ కొట్టీ, ఆ మాటలు ఎక్కణ్నించి వచ్చాయా అన్న పిచ్చి పట్టుకుంది. అభియోగంలో యోగం ఉంది. కలపడం అని కదా దాని అర్థం? ఒక మనిషినీ ఒక చెడ్డపనినీ తెచ్చి కలిపి కట్టడమే అభియోగం అని రాసుకున్నాను. ఆరోపణ అంటే ఎక్కించడం. జెండా పైకెక్కితే ఆరోహణ, తప్పు మనిషి మీదికెక్కితే ఆరోపణ. అచ్చ తెలుగు ఇంకా సూటిగా ఉంటుంది: నేరం మోపడం. ఆ మాట కొట్టినప్పుడల్లా నాకు చేలగట్టు మీద గడ్డిమోపు ఎత్తించుకునే ఆడవాళ్లు కనిపిస్తారు. పక్కనున్నావిడ మోపు ఎత్తి తల మీద పెట్టగానే మెడ కొంచెం లోపలికి దిగుతుంది. ఎత్తినావిడ చేతులు దులుపుకుని వెనక్కి తప్పుకుంటుంది.

ఇన్ని రాసుకున్నదాన్ని, ముద్దాయి అన్న మాట గురించి మాత్రం ఒక్క ముక్కా రాసుకోలేదు. అన్నం, నీళ్లు లాగా ముద్దాయి అంటే ఏంటో పుట్టినప్పటి నించీ తెలిసినట్టే ఉండేది. మా ఇంట్లో స్టవ్ మీద పాలు పొంగిపోయినా "ఎవరే ముద్దాయి? ముందుకు రావాలి" అనేది అత్త. నేరం చేశాడని ఎవరి మీద అంటారో వాడు ముద్దాయి. అందులో వెతకడానికేముంది?

బస్టాండు వెనక సందులో మోటార్ల షాపు ఉంది. రొయ్యల చెరువుల్లో నీళ్లు గిలకొట్టే ఏరేటర్లకి మోటార్లుంటాయి, అవి కాలిపోతే వైండింగ్ చేస్తారక్కడ. ఆ షాపాయన్ని ఊరంతా సాయిబు గారనే అంటారు. ఎప్పుడో ముప్ఫై ఏళ్ల కిందట హైదరాబాదు నించి వచ్చి స్థిరపడ్డాడట. తెలుగు బాగానే మాట్లాడతాడు గానీ చదవడం మాత్రం బస్సు బోర్డుల వరకే. ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. మా షాపుకి కరెంటు బిల్లు జిరాక్సుల కోసం వచ్చినప్పుడల్లా, ఆయన చేతుల నించి వార్నిష్ వాసన వచ్చేది.

గత ఏడాది వర్షాలు మొదలవబోయే ముందు, ఆయన షాపులో నించి ఒక చెరువుల ఆసామికి చెందిన ఆరు మోటార్లు పోయాయి. వెనక రేకు ఒకటి ఊడదీసి ఉందన్నారు. కానిస్టేబుల్ వచ్చి చూసి వెళ్లాడు. పక్క షాపుల వాళ్లనీ, సాయిబు గారి దగ్గర పనిచేసే మేస్త్రినీ స్టేషనుకి పిలిచి కూర్చోబెట్టి అడిగారు. ఆసామి మాత్రం టీ కొట్టు దగ్గర నిలబడి అందరూ వినేలాగే అన్నాడట, "రేకు ఊడదీసింది బయటోళ్లు కాదు. లోపలున్నోడే ఊడదీసుకుని లోపలున్నోడే అమ్ముకున్నాడు" అని. రెండు రోజుల్లో ఆ మాట కోర్టు గేటు దాకా వచ్చేసింది. నేనూ విన్నాను. నమ్మానా, నమ్మలేదా అని అప్పుడు నన్ను నేను అడగలేదు.

మూడో రోజు పొద్దున్న పదింటికి ఆయన మా షాపుకి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఎస్సై గారికి కాగితం ఇయ్యాలమ్మా. చిన్నగా రాయి. పెద్దది రాస్తే చదవరు" అన్నాడు.

నేను తల ఊపి కొత్త పేజీ తెరిచాను. ఆయన కళ్లు మూసుకుని, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు చెప్పాడు. తన షాపులో వైండింగ్‌కి ఇచ్చిన ఆరు మోటార్లు పోయాయి. అవి ఫలానా ఆసామివి. దీని గురించి పక్క షాపుల వాళ్లని గానీ మేస్త్రిని గానీ ఇక పిలిచి ఇబ్బంది పెట్టొద్దు.

"రేకు సంగతి రాయాలా అండి?" అని అడగాల్సింది. అడగలేదు. తర్వాత ఆయనే, "రేకు సంగతి ఒద్దు, అది వాళ్లు చూసిండ్రు" అన్నాడు. ఆపైన, "ఇప్పుడిది రాయి. ఈ కేసులో ముద్దయీని నేను. ఎప్పుడు పిలిస్తే అప్పుడొస్తా" అన్నాడు.

నా వేళ్లు ఆగిపోయాయి.

"ముద్దాయా అండి?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఆఁ. ముద్దయీ. నేనే" అన్నాడాయన, ఓపిగ్గా. "పైన కూడా రాయమ్మా, పేరు ముందర. భయమేంటి, రాయి."

ఆయన ముఖంలోకి చూశాను. ప్రశాంతంగా ఉంది. పేరు మోసిన పెద్దమనిషి ఎవరో తన హోదా చెప్పుకున్నట్టు చెప్పాడు. ఒప్పేసుకుంటున్నాడు, అనుకున్నాను. మేస్త్రినీ పక్కవాళ్లనీ పిలవొద్దన్నది కూడా అందుకే అనిపించింది. తన తప్పుకి వాళ్లు నలిగిపోతుంటే చూడలేక వచ్చేశాడు అనుకున్నాను. జాలేసింది. ఆ జాలి నాకు చాలా గొప్పగా కూడా అనిపించింది, సిగ్గుపడుతూ రాస్తున్నాను ఈ మాట. "తాతగారూ, మోటార్లు మీరే తీశారా అండి?" అన్న ప్రశ్న నోటిదాకా వచ్చింది. ఒక్క ప్రశ్న. అది అడిగితే ఆయన ఏమనుకుంటాడో, గట్టిగా ఏమంటాడో, షాపులో అందరూ తల తిప్పి చూస్తారేమో అని మింగేశాను. అప్పుడే అత్త వెనక నించి, "అయ్యిందా? ఇక్కడ రెండు అఫిడవిట్లున్నాయి" అంది.

కొట్టేశాను. ఆయన అన్నది ముద్దయీ అని నాకు స్పష్టంగా వినిపించింది. తెలుగు తర్వాత నేర్చుకున్నాయన, దీర్ఘం పలకలేదు పాపం అనుకుని, సరిచేసి ముద్దాయి అని కొట్టాను. ఎవరి మాటైనా పలుకుబడి తప్పితే సరిచేసి కొట్టడం నాకు గర్వంగా ఉండేది. పైన ఆయన పేరుకి ముందు "ముద్దాయి" అనీ, కింద "ఈ కేసులో ముద్దాయిని నేనే" అనీ వచ్చింది. ఆ 'ఏ' దీర్ఘం కూడా నాదే.

ప్రింటు ఇచ్చాను. చదవమని ఆయన అడగలేదు. చదివి వినిపిస్తానని నేననలేదు. జేబులోంచి పెన్ను తీసి కుడి నించి ఎడమకి సంతకం చేసి, కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు.

"ఇయ్యాల్టితో నా మీదున్న మాట పోతుంది బేటీ" అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అత్త టీ తాగడానికి వెళ్లి, టీ తాగకుండానే వచ్చింది.

"ఏవే, సాయిబు గారు ఒప్పేసుకున్నాడంట కదా! రాసి సంతకం పెట్టి మరీ ఇచ్చాడంట. మన షాపులోనే కొట్టించాడంట. నువ్వేనా కొట్టింది?"

తల ఊపాను.

"కొట్టి, నాతో ఒక్క మాట చెప్పలేదా? పొద్దున్నించీ నీ వెనకే కదే కూచున్నా! పెన్సిల్ విరిగినా చెప్పవు, దొంగ దొరికినా చెప్పవు."

"ఇప్పుడు ఎక్కడున్నారత్తా?"

"ఎక్కడుంటాడు? స్టేషన్లో బెంచీ మీద. ఎస్సై గారు భీమవరం మీటింగుకెళ్లారంట, ఆయనొచ్చాక అరెస్టు చూపిస్తారంట. ఆసామి అప్పుడే పోయి కుర్చీలో కూచున్నాడు. ముసలాయన చూస్తే పెద్దమనిషిలా ఉంటాడు, ఎవర్నీ నమ్మేటట్టు లేదు."

అఫిడవిట్ ఒకటి సగంలో ఉంది. కొడదామని చూస్తే ముందుకు సాగడం లేదు. ఇయ్యాల్టితో నా మీదున్న మాట పోతుంది అన్నాడు. ఒప్పుకున్నవాడి మీద మాట పోదు, అతుక్కుంటుంది. మరి ఎందుకలా అన్నాడు? నేను ముద్దాయా అని అడిగినప్పుడు ఆయన ముద్దయీ అన్నాడు. రెండోసారి చెప్పినట్టు కాదు, నా మాటని దిద్దినట్టు చెప్పాడు. నేను ఆయన్ని దిద్దుతున్నాననుకుంటే ఆయన నన్ను దిద్దాడు.

షాపు మీదే మా ఇల్లు. స్కూల్లో ఉన్నప్పుడు ప్రైవేటుగా హిందీ పరీక్షలు రాశాను, మా వీధిలో ఆడపిల్లలందరూ రాసినట్టే. అప్పటి హిందీ నిఘంటువు అటక మీదుంది. స్టూలెక్కి దించాను. అట్ట ఊడి చేతికొచ్చింది. పేజీలు తిప్పుతుంటే ఆ మాట దొరుకుతుందన్న నమ్మకం కన్నా దొరక్కపోతే బాగుండునన్న ఆశే ఎక్కువగా ఉంది. దొరక్కపోతే నేను చేసింది తప్పు కాదు.

దొరికింది. ముద్దఈ: దావా వేసినవాడు, వాది. దాని కిందనే ముద్దాలేహ్: ఎవరి మీద దావా వేశారో వాడు, ప్రతివాది.

స్టూలు మీదే కూర్చుండిపోయాను. దావా వేయడం అంటూ రోజూ కొడతాను, ముద్దాయి కూడా ఆ ఇంటి మాటేనని ఎన్నడూ తట్టలేదు. అరబ్బీ నించి పారశీకంలోకీ, అక్కణ్నించి నవాబుల కచేరీల్లోకీ, కచేరీల నించి మన కోర్టుల్లోకీ ఆ రెండు మాటలూ జంటగా వచ్చి ఉంటాయి. రెండోది పలకడం కష్టం. దాని తోక ఎక్కడో తెగిపోయి, మొదటిదానిలా వినపడటం మొదలైందేమో. ఇది నా ఊహే. ఎలా జరిగినా, హైదరాబాదులో ఉర్దూ ఇంట్లో పుట్టినాయనకి న్యాయం అడిగేవాడు ముద్దయీ. మాకు నేరం చేసినవాడు ముద్దాయి. ఆయన వెళ్లి, నా షాపులో మోటార్లు పోయాయి, న్యాయం చేయమని అడుగుతున్నది నేను, అని చెప్పాడు. నేను దాన్ని, తీసింది నేనే అని కొట్టి ఇచ్చాను.

కిందికి దిగి అత్తకి చెప్పాను. అంత పొడుగు మాట నేను ఆవిడతో ఎప్పుడూ మాట్లాడి ఉండను. ఆవిడ నోరు తెరుచుకుని విని, "మనకి రోజూ పనిచ్చే లాయరు గారికి ఫోన్ చేద్దాం" అంది. చేసింది. ఆయన భీమవరంలో ఉన్నారు, ఎత్తలేదు. అంతలో రోడ్డు మీద ఎస్సై గారి జీపు మా ముందు నించే స్టేషన్ వైపు వెళ్లింది.

"నే వెళ్తానత్తా."

"నువ్వా? నువ్వెళ్లి ఏం చెబుతావు? మొన్న గ్యాస్ బుక్ చెయ్యమంటే ఫోన్లో మనిషి మాట్లాడాడని పెట్టేశావు! ఉండు, షట్టర్ దించేసి నేనూ వస్తా."

ఆ షట్టర్ దిగడానికి ఎప్పుడూ చాలాసేపు పడుతుంది. అంతసేపు నిలబడితే నా కాళ్లు కదలవని నాకు తెలుసు. నిఘంటువు చంకలో పెట్టుకుని నడిచాను. స్టేషన్ అయిదు నిమిషాల దూరం. దారిలో ఏం చెప్పాలో మూడు వాక్యాలు తయారుచేసుకుని, అవే మళ్లీ మళ్లీ అనుకుంటూ వెళ్లాను.

లోపల రాతపని చూసే హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు. ఆయన్ని అందరూ రైటర్ గారంటారు. ఫ్యాను కింద కుర్చీలో ఆసామి కాలు మీద కాలేసుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. గోడవార బెంచీ మీద సాయిబు గారు నిటారుగా, పెళ్లివారింట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. పొద్దున్న నించీ అక్కడే ఉన్నా ఆయనకి అనుమానమే లేదు. ఎస్సై గారొచ్చి తన మాట వింటారని ఎదురుచూస్తున్నాడు.

"ఏం కావాలమ్మా? ముద్దాయి బంధువులా?" అన్నాడు రైటర్.

నేను తయారుచేసుకున్న మూడు వాక్యాల్లో ఒక్కటీ రాలేదు.

"కాదు సార్. నా కాగితం కొట్టింది ఈ అమ్మాయే. మంచిగ కొట్టింది" అన్నాడు సాయిబు గారు, నా తరపున.

ఎస్సై గారు లోపలి గదిలో నించి వచ్చారు. వయసు తక్కువే. ఇంకా టోపీ తీయలేదు. రైటర్ కాగితం అందించాడు. "ఒప్పుకోలు సార్. తనంతట తనే వచ్చి ఇచ్చాడు."

ఆయన చదివారు. నాలుగు వరుసలు చదవడానికి ఎంతసేపు పడుతుంది? నాకు మాత్రం ఆయన కళ్లు ఏ వరుస మీదున్నాయో కనిపిస్తున్నట్టే ఉంది.

"ఏమయ్యా తాతా, ముద్దాయివి నువ్వేనా?"

"నేనే సార్."

"ఎవరూ బలవంతపెట్టలేదుగా?"

"బలవంతమేంటి సార్. అసలు మొదటి రోజే ఇయ్యాల్సింది. లేట్ చేసిన."

"చూశారాండీ?" అన్నాడు ఆసామి, కాలు దించి. "నేను మొదట్నించీ చెబుతున్నానా లేదా? ఇంక మోటార్లెక్కడ అమ్మాడో కనుక్కోండి చాలు."

సాయిబు గారు ఆయన వైపు తిరిగి, చాలా మర్యాదగా, "మీ కోసమే కదండీ నేను ముద్దయీ అయింది" అన్నాడు.

రైటర్ పకపకా నవ్వాడు. ఎస్సై గారు నవ్వలేదు. పెన్ను క్యాప్ తీశారు.

"కాదండి" అన్నాను.

అనుకోనంత గట్టిగా వచ్చింది. అందరూ నా వైపే చూశారు. నేను భయపడ్డది సరిగ్గా అదే, అది జరిగిపోయింది కాబట్టి ఇంక భయపడటానికేమీ మిగల్లేదు.

"ఆయన అన్నది అది కాదండి. నేను తప్పు కొట్టాను. ఆయన ముద్దయీ అన్నారు. నేను ముద్దాయి అని కొట్టాను."

"రెండూ ఒకటే కదమ్మా" అన్నాడు రైటర్.

"కాదండి. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసేవాడండి." నిఘంటువు తెరిచి టేబుల్ మీద పెట్టాను. అట్ట జారి కింద పడింది.

"ఇదేంటండీ!" అన్నాడు ఆసామి లేచి. "పుస్తకాలు పట్టుకొచ్చి కేసులు మార్చేస్తారా? మొన్నటిదాకా రేకు, ఇప్పుడు హిందీనా?"

"ఇరవయ్యేళ్లుగా రాస్తున్నా సార్. ముద్దాయంటే ముద్దాయే" అన్నాడు రైటర్.

ఎస్సై గారు పుస్తకం వైపు ఒకసారి చూశారు. నన్ను చదవమనలేదు. "నువ్వు వరండాలోకి వెళ్లమ్మా. నే పిలిచేదాకా మాట్లాడకు. మీరూ కూచోండి" అని ఆసామికి చెప్పారు.

వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. సాయిబు గారి వీపు కనిపిస్తోంది. నేను చెప్పింది ఆయనకి అర్థమైందో లేదో తెలియదు. ఇప్పుడు ఎస్సై గారు అడగబోయేదానికి ఆయన చెప్పే జవాబు మీదే అంతా ఉంది. లోపలికి వెళ్లి చెవిలో ఒక్క మాట చెప్పాలనిపించింది. చెబితే అది కూడా నేను నేర్పినట్టే అవుతుంది.

"తాతా, ముద్దాయివి నువ్వైతే, మోటార్లు తీసిందెవరు?"

ఎస్సై గారు ఏదైనా హాస్యమాడుతున్నారా అన్నట్టు సాయిబు గారు తల కొంచెం పక్కకి వంచాడు.

"అది మీరు కదా సార్ కనుక్కోవాల్సింది? దానికే కదా ముద్దయీ వచ్చి పొద్దున్నించీ మీ బెంచీ మీద కూచున్నాడు?"

ఎస్సై గారు పెన్నుకి క్యాప్ పెట్టేశారు.

"తీసినవాణ్ణి మీ ఇంట్లో ఏమంటారు? మీ భాషలో?"

"చోర్ అంటం. కాగితం మీదైతే ముల్జిమ్. ఎందుకు సార్?"

ఎస్సై గారు కాగితం ఆయన ముందు పెట్టి, ఒక మాట మీద వేలు ఉంచి, మెల్లగా చెప్పారు. ఆయన ఏం చెప్పారో నాకు పూర్తిగా వినపడలేదు. సాయిబు గారి కుడిచెయ్యి బెంచీ అంచుని పట్టుకోవడం మాత్రం కనిపించింది. పొద్దున్న నించీ నిటారుగా ఉన్న వీపు మొదటిసారి వంగింది.

నన్ను పిలిచారు. స్టేషన్ కంప్యూటర్ ముందు కూర్చుని మళ్లీ కొట్టమన్నారు. ఈసారి రేకు సంగతితో సహా అన్నీ రాయించారు ఎస్సై గారు. నేను ప్రతి వాక్యానికీ ఆగి, "ఇదేనా అండి మీరన్నది?" అని అడిగాను. అయిపోయాక సాయిబు గారు అన్నాడు, "ఇప్పుడు సదువు. మొత్తం. గట్టిగ."

స్కూల్లో పాఠం చదవమంటే కడుపునొప్పి వచ్చే మనిషిని నేను. రైటరూ, ఇద్దరు కానిస్టేబుళ్లూ, ఆసామీ, అప్పుడే ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డ మా అత్తా, అందరూ వింటుండగా మొదటి అక్షరం నించి చదివాను. పేరు ముందు "ఫిర్యాది" అని చదవగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అదేంది?"

"ఫిర్యాదు చేసినవారు అనండి. ఇది కూడా మీ వైపు మాటే."

"ఫర్యాద్?" ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఫర్యాద్ అంటే మొర. ఏడ్చుకుంట మొర పెట్టుకునుడు. నేనేం ఏడుస్తలేను."

"అయ్యో, ఏదో ఒకటి ఒప్పుకోండి బాబూ" అన్నాడు రైటర్. "దొంగంటే పడరు, ఏడుస్తున్నారంటే పడరు. మా ఫారంలో మూడోది లేదు."

ఎస్సై గారు నవ్వు ఆపుకుంటూ, "మా దగ్గరికొచ్చే ప్రతివాణ్ణీ అదే అంటాం తాతా. ఏడవక్కర్లేదు, సంతకం పెట్టు" అన్నారు. ఆయన ఇంకోసారి ఆ మాట నా చేత చదివించుకుని, అప్పుడు పెన్ను తీశాడు.

పాత కాగితం మీద ఎస్సై గారు అడ్డంగా గీత గీసి పక్కన పెట్టారు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో రుజువుగా నిలబడదని తర్వాత మా లాయరు గారు చెప్పారు. "కానీ ఆ వేళ లోపలేసేవారు. ఊరు చూసేది. బయటికొచ్చాక ఆయన్ని ఎవరు నమ్ముతారు?" అని కూడా ఆయనే అన్నారు.

ఆసామి మాత్రం వెళ్తూ వెళ్తూ, "కాగితం మారిందండి, బానే ఉంది. నా మోటార్లు రాలేదుగా" అన్నాడు. అదీ నిజమే. అవి ఎవరు తీశారో నేనిది రాస్తున్నప్పటికీ తేలలేదు. తెలియని వ్యక్తులు అని కేసు రాశారు.

అత్త రైటర్‌తో ఏదో వాదిస్తూ లోపలే ఉండిపోయింది. "ఇరవయ్యేళ్ల నించీ రాస్తున్నారు కదండీ, ఒక్కసారి ముసలాయన్ని కూర్చోబెట్టి అడిగారా?" అని వినిపిస్తోంది. అడగనిది వాళ్లొక్కరే కాదని నాకు తెలుసు. మెట్ల దగ్గర సాయిబు గారు తన మోపెడ్ స్టాండు తీస్తున్నాడు. క్షమించమని అడగాలని దగ్గరికి వెళ్లాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"కొట్టేటప్పుడు నీకు ఆ మాటకి మీ అర్థమే తెలుసు కదా?"

"అవునండి."

"అంటే నేనే తీసిన అనుకున్నవ్."

అది ప్రశ్నలా అనలేదు. అయినా జవాబు కోసం ఆగాడు. వినపడలేదనీ, తొందరలో కొట్టాననీ, అత్త పిలిచిందనీ చెప్పొచ్చు. అవన్నీ కొంచెం కొంచెం నిజాలే. రాత్రి డైరీలో ఎలా రాసుకుంటానో కూడా ఆ క్షణంలోనే తెలిసిపోయింది, ఎంత అందంగా తప్పించుకోవచ్చో.

"అనుకున్నానండి" అన్నాను.

ఆయన తల ఊపాడు. కోప్పడతాడనుకున్నాను, లేదా పర్లేదు బేటీ అంటాడనుకున్నాను. రెండూ జరగలేదు. బస్టాండు వైపు, టీ కొట్టు వైపు ఒకసారి చూశాడు. పొద్దున్న తన గురించి మాట్లాడుకున్నవాళ్లంతా అక్కడే ఉన్నారు.

"నువ్వు అనుకున్న అని చెప్పినవ్. వాళ్లు ఏం అనుకోనట్టే రేపు నాకు సలాం పెడతరు" అన్నాడు.

బండి స్టార్ట్ చేయలేదు. హ్యాండిల్ పట్టుకుని, టీ కొట్టు ముందు నించే, మెల్లగా నడిపించుకుంటూ వెళ్లాడు.